బహుముఖ ప్రజ్ఞాశాలి అడివి బాపిరాజు

భీమవరం ప్రాంతంలో 1895లో జన్మించిన అడివి బాపిరాజుగారికి రాజమహేంద్రవరం కళాశాలలో గురువైన కూల్డ్రే దొరగారు కళాభిరుచిని కలిగించారు. సహాయ నిరాకరణోద్యమంలో కారాగారవాసం అనుభవించిన బాపిరాజుగారు, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయ వద్ద చిత్రలేఖనం అభ్యసించారు. న్యాయశాస్త్రం చదివి భీమవరంలో వకీలుగా కొంతకాలం పనిచేసినా, నిలకడైన ఆ వృత్తిని విడిచి కళనే నమ్ముకున్నారు.

ఆయన 'నారాయణరావు' నవల 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని విశ్వనాథ వారి 'వేయిపడగలు'తో పంచుకొన్నది. తెలుగు తెరకు మాటలు వచ్చిన తొలినాళ్లలోనే, 1936 నాటి 'అనసూయ', 'ధ్రువ విజయం' చిత్రాలకు కళాదర్శకత్వం వహించారు. తాను నేర్చుకొన్న జాతీయ కళాశాలకే ప్రధానాచార్యులై తిరిగి వచ్చారు. అనంతరం హైదరాబాదులో 'మీజాన్' తెలుగు దినపత్రికకు సంపాదకులైనారు. శాతవాహనుల నాటి 'హిమబిందు'లో, కాకతీయుల నాటి 'గోన గన్నారెడ్డి'లో ఆనాటి జనజీవనాన్ని చిత్రకారుని కంటితో దర్శింపజేశారు. 1952లో కీర్తిశేషులైనారు.

ఆయన ఆసక్తులలో ఏ ఒక్కటీ మరొకదానికి అడ్డురాలేదు. చిత్రకళ నవలకు రంగులద్దింది, చరిత్రజ్ఞానం చిత్రానికి ప్రాణం పోసింది. కన్నడ, తమిళ సీమల సరిహద్దున, ఆనేకల్‌లో తెలుగు చదువుకొనే బిడ్డ పుస్తకం అంచున బొమ్మ గీస్తే, అది చదువుకు చేటని పెద్దలు కలవరపడనక్కరలేదు. ఆ బొమ్మ కూడా చదువులో భాగమే.