భాగ్యరెడ్డి వర్మ వాదించిన తీరు: ఏ మాటకు ఏ రుజువు?

మే 22 భాగ్యరెడ్డి వర్మ జయంతి. ఏటా ఆ రోజు హైదరాబాదు నుంచి కోదాడ, చిలుకూరు దాకా మనం ఆయన పటానికి దండ వేస్తాం. ఆయన పెట్టిన బడుల లెక్క చెప్పుకుంటాం. ఇళ్లకు వెళ్లిపోతాం. కానీ ఆయన ముప్పై ఏళ్ల పాటు చేసిన పని ఏమిటంటే వాదించడం. సభల్లో వాదించారు, పత్రికలో వాదించారు, సర్కారు గుమ్మం ముందు వాదించారు. వినతిపత్రాలు, కరపత్రాలు, వ్యాసాలు రాసే మన విద్యార్థులు, కార్యకర్తలు ఆ వాదనలను దగ్గరగా చూడాలి.

ఎందుకంటే వాదనలో మనం అనే మాటలన్నీ ఒకే రకం కావు. ఇది జరిగింది అనడం ఒక రకం. దీన్ని ఈ పేరుతో పిలవాలి అనడం ఇంకో రకం. ఫలానా దానివల్ల జరిగింది అనడం, ఇది అన్యాయం అనడం, అందుకని ఇది చేయాలి అనడం మరో మూడు రకాలు. సంగతి, పేరు, కారణం, విలువ, డిమాండ్ అని వీటిని గుర్తు పెట్టుకుందాం. ఒక్కోదానికి ఒక్కో రకం రుజువు కావాలి. అవి కలగాపులగం అయితే ఎదుటివాడు బలహీనమైన మాటను పట్టుకుని బలమైన మాటను కూడా కొట్టేస్తాడు.

భాగయ్య పేరు మారిన కథ

మాదరి భాగయ్య 1888లో హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో పుట్టారు. పేదరికం వల్ల చదువు సాగలేదు. చిన్న వయసులోనే ఒక బారిస్టరు ఇంట్లో పనికి కుదిరారు. ఆయన పేరులోని రెడ్డి కులం పేరు కాదు. ఈ నేలను మొదట ఏలినవాళ్లు మనవాళ్లేనని, ఏలిక అనే అర్థమున్న రేడు అనే మాట నుంచే రెడ్డి వచ్చిందని చెప్పి వాళ్ల కుటుంబ గురువు ఆ పేరు పెట్టారు. 1913లో ఆర్యసమాజం వారు వర్మ బిరుదు ఇచ్చారు.

ఈ పేరులో రెండు మాటలు కలిసి ఉన్నాయి. మన పూర్వీకులు పాలకులు అన్నది సంగతి. మనం ఎవరికీ తక్కువ కాము అన్నది విలువ. మొదటిదానికి శాసనాలు, తవ్వకాలు, భాషా చరిత్ర కావాలి. రేడు నుంచి రెడ్డి వచ్చిందా అని పండితులు ఎంతైనా తగువు పడవచ్చు. రెండోదానికి ఆ తగువుతో పని లేదు. మన ముత్తాతలు రాజులైనా కూలీలైనా మనిషి గౌరవం మనిషిదే. నూరేళ్ల కిందట చరిత్ర మాట మన జనానికి వెన్నెముక ఇచ్చింది, కాదనం. అయితే ఇవాళ మనం రాసేటప్పుడు గౌరవాన్ని చరిత్ర మీద ఆనించి నిలబెట్టకూడదు. ఆ చరిత్ర వీగిపోతే గౌరవం కూడా పోయిందని అనే అవకాశం ఎవరికీ ఇవ్వకూడదు.

బెజవాడ 1917

1906లో ఆయన జగన్మిత్ర మండలి పెట్టారు. హరికథలు, భజనల ద్వారా బస్తీల్లోకి వెళ్లారు. 1911లో అది మన్యసంఘం అయింది. 1917 నవంబరులో బెజవాడలో ఆంధ్ర ప్రాంత పంచమ మహాజన సభ జరిగితే అధ్యక్షుడిగా ఆయన్ని పిలిచారు. గూడూరు రామచంద్రరావు సభ ఏర్పాట్లు చూశారు. దళితులు గుడిలోకి వస్తారేమోనన్న భయంతో ఆ రోజుల్లో కనకదుర్గ గుడిని మూసేశారు.

సభ పేరు దగ్గరే భాగ్యరెడ్డి వర్మ ఆగారు. పంచమ అంటే అయిదోది. శాస్త్రాలు చెప్పే వర్ణాలు నాలుగే. పురాణాల్లో ఎక్కడా లేని ఈ పేరు మనకెలా వచ్చిందని ఆయన నిలదీశారు. మనం ఈ నేల మొదటి బిడ్డలం కాబట్టి ఆది ఆంధ్రులం అన్నారు. పంచమ సభగా మొదలైనది ఆది ఆంధ్ర మహాజన సభ అయింది.

ఇది పేరు గురించిన వాదన. దీన్ని మాటల పట్టింపు అని తీసిపారేసేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మనల్ని ఎవరో లెక్కకు బయట పెట్టి అయిదో వాళ్లు అన్నారు. ఆ పేరుకు మనం పలికినంత కాలం ఆ లెక్కను ఒప్పుకున్నట్టే. అందుకే ఆయన ఎదుటివాళ్ల పుస్తకాలనే సాక్ష్యంగా పిలిచారు. పేరు మీద వాదించేటప్పుడు ఆ పేరు ఎవరు పెట్టారు, దాని హద్దు ఎక్కడ, దానివల్ల ఎవరికి లాభం అని అడగాలి. 1922లో ఎం.సి. రాజా తెచ్చిన తీర్మానంతో మద్రాసు ప్రభుత్వం కూడా ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అనే పేర్లను ఒప్పుకుంది.

కారణం ఎక్కడ వెతకాలి?

కల్లు, సారా, బాల్యవివాహం, ఆడపిల్లల్ని జోగినులుగా, మురళీలుగా మార్చడం మన జాతిని కుంగదీస్తున్నాయని ఆయన వాడవాడలా చెప్పారు. ఇది కారణం గురించిన మాట. దీన్ని జాగ్రత్తగా చదవాలి. కారణమంతా మన అలవాట్లలోనే ఉందంటే భూమి లేనితనం, వెట్టి, అంటరానితనం తప్పించుకుంటాయి. ఆయన అక్కడితో ఆగలేదు. చదువు అందకపోవడం కూడా కారణమని గుర్తించి 1910 నుంచి తెలుగు బడులు తెరుస్తూ పోయారు. ఉర్దూ అధికార భాషగా ఉన్న రాజ్యంలో ఆ బడులు 26కు చేరాయి. తర్వాత ప్రభుత్వం వాటిని తన చేతుల్లోకి తీసుకుంది.

డిమాండ్, దాని చిరునామా

1930లో లక్నోలో జరిగిన అఖిల భారత సభకు ఆయన అధ్యక్షత వహించారు. రౌండ్ టేబుల్ సమావేశానికి అణగారిన వర్గాల తరఫున డాక్టర్ అంబేద్కర్ వెళ్లాలని ఆ సభ బలపరిచింది. మరోవైపు జనాభా లెక్కల్లో మనల్ని ఆది హిందువులుగా రాయాలని నిజాం ప్రభుత్వాన్ని అడిగారు. 1931 లెక్కల్లో ఆ పేరు ఎక్కింది. డిమాండ్ అంటే ఇలా ఉండాలి. ఎవరు చేయాలి, ఏం చేయాలి, ఎప్పటికి చేయాలి అన్నవి అందులో కనబడాలి. మాకు న్యాయం చేయండి అని మాత్రమే రాస్తే ఏ అధికారి అయినా చూస్తామని సంతకం పెట్టి పక్కన పడేస్తాడు.

ఒక ఉమ్మడి పేరు అందరినీ కలుపుకుందా అన్న ప్రశ్న కూడా అప్పుడే వచ్చింది. అరిగె రామస్వామి వంటి నాయకులు వేరే దారి పట్టారు. నాయకత్వం మాలలదేనన్న అసంతృప్తితో మాదిగలు 1931లో అరుంధతీయ మహాసభ పెట్టుకున్నారు. మనం అనే మాట కూడా ఒక వాదనే. అందులో ఎవరున్నారో రుజువు చూపాల్సిన బాధ్యత ఆ మాట వాడేవాళ్లది.

జోగిపేట నుంచి చిలుకూరు దాకా

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన మొదటి ఆంధ్ర మహాసభలో భాగ్యరెడ్డి వర్మ పాల్గొనడాన్ని కొందరు ఛాందసులు సహించలేకపోయారు. 1931లో మొదలైన తన భాగ్యనగర్ పత్రికలో ఆయన వెట్టిమాదిగ నవల రాశారు. 1939 ఫిబ్రవరిలో కన్నుమూశారు. మరో రెండేళ్లకు, 1941లో, అదే ఆంధ్ర మహాసభ మన చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగింది. మహాసభ వామపక్ష యువకుల చేతుల్లోకి వచ్చిన కాలమది. వెట్టి ప్రశ్న తర్వాత సాయుధ పోరాటం దాకా నడిచింది.

ఆ వెట్టినే ఉదాహరణగా తీసుకుందాం. ఏ ఇంటివాళ్లు, ఎన్ని రోజులు, ఏ పని చేశారు, ఏం ముట్టింది అన్నది సంగతి. దొర దాన్ని ఆనవాయితీ అంటాడు, మనం వెట్టి అంటాం. అది పేరు. భూమంతా ఒకరి చేతిలో ఉండటం కారణం. మనిషిని వస్తువులా వాడుకోవడం తప్పు అన్నది విలువ. ఆపండి, ఆపనివాణ్ణి శిక్షించండి, చేసిన పనికి కూలి ఇప్పించండి అన్నది డిమాండ్. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. అయితే వెట్టి అంటే ఏమిటి? కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి చేయించినా అది బలవంతపు చాకిరీయేనని 1982లో ఆసియా క్రీడల కూలీల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పేరు హద్దు మారగానే లక్షలమంది కూలీలు రాజ్యాంగ రక్షణ కిందికి వచ్చారు. బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ పేరు దగ్గర ఎందుకు ఆగారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఈసారి మండలాఫీసుకు వినతిపత్రం రాసేటప్పుడు సంతకాలకు ముందు ఒకసారి కూర్చుని ప్రతి వాక్యం పక్కన అది ఏ రకం మాటో రాసి చూద్దాం. సంగతి అయితే తేదీ, సాక్షి, కాగితం జత చేద్దాం. పేరు అయితే చట్టంలోని నిర్వచనం చూపిద్దాం. కారణం అయితే వేరే కారణాలు ఎందుకు చాలవో చెప్దాం. విలువ అయితే రాజ్యాంగం మీద నిలబెడదాం. డిమాండ్ అయితే అధికారి హోదా, గడువు రాద్దాం. కోపాన్ని తగ్గించుకోనక్కర్లేదు. అది విలువ మాటలో ఉండాలి, తేదీల దగ్గర తొందరపడకూడదు.