పింఛను పుచ్చుకున్నా పని మానని కాటన్ దొర

ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరు తెలియని రైతు గోదావరి జిల్లాల్లో ఉండడు. ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి. అయితే ఉద్యోగం వదిలి సీమకు వెళ్లిపోయాక ఆయన ఏం చేశారన్నది మనవారిలో చాలామంది ఎరుగరు. 1860లో పదవీ విరమణ చేసేనాటికి ఆయనకు 57 ఏళ్లు. ఆ తర్వాత మరో 39 ఏళ్లు జీవించారు. మన దేశంలో కొలువు చేసిన కాలం కూడా ఇంచుమించు అంతే.

సర్ ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. 1821లో మద్రాసు చేరి ఇంజనీర్ల దళంలో పనిచేశారు. తంజావూరు సీమలో కొల్లిడంపై ఆనకట్టలు కట్టించాక గోదావరికి వచ్చారు. అప్పటికి నందన కరువు దెబ్బకు, తుపానులకు డెల్టా పాడుబడి ఉంది. 1847లో ఆనకట్ట పని మొదలై 1852కు పూర్తయింది. మధ్యలో ఆరోగ్యం చెడి రెండేళ్లు ఆస్ట్రేలియాలో ఉండి రావలసి వచ్చింది.

కాటన్ యౌవనం నుంచీ గట్టి క్రైస్తవ విశ్వాసి. బైబిలు పఠనం, ప్రార్థన ఆయన దినచర్యలో భాగం. వానలూ నదులూ దేవుడిచ్చినవేననీ, ఆ నీటిని సముద్రం పాలు చేసి జనాన్ని ఆకలికి వదిలేస్తే ఏలేవారు దేవుడికి జవాబు చెప్పుకోవాలనీ ఆయన నమ్మకం. సర్కారు కొలువుకు గడువుంది గాని ఈ బాధ్యతకు లేదనుకున్నారు. కనుకనే 1861లో సర్ బిరుదు వచ్చినా ఇంటిపట్టున కూర్చోలేదు. కాలువల కోసం వ్యాసాలు, ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు.

1876లో ధాత కరువు వచ్చింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. మద్రాసు రాజధానిలో లక్షల ప్రాణాలు పోయాయి. గోదావరి డెల్టాలో మాత్రం పంట పండింది. డెబ్బయి దాటిన కాటన్ ఈ సంగతే పట్టుకుని సర్కారును నిలదీశారు. రైళ్ల మీద కోట్లు పోస్తున్నారు, అందులో కొంతైనా పంటకూ పడవలకూ పనికొచ్చే కాలువల మీద పెట్టరాదా అన్నది ఆయన వాదం. 1878లో పార్లమెంటు సంఘం ఎదుట హాజరై, 75 ఏళ్ల వయసులో సభ్యుల ప్రశ్నలకు జవాబులు చెప్పుకున్నారు.

సంఘం ఆయన మాట ఒప్పుకోలేదు. లెక్కలు మరీ ఆశగా ఉన్నాయన్నారు. ఆ మాటలో బొత్తిగా నిజం లేదనలేం. ఆయన ఆలోచన మీద ఒక కంపెనీ తవ్వించిన కర్నూలు-కడప కాలువ నష్టాల్లో పడగా, 1882లో సర్కారే దాన్ని తీసుకుంది. అయితే కరువులో చచ్చినవారి లెక్క ఎవరి ఖాతాలో రాయాలన్న ప్రశ్నకు ఆ పెద్దలు కూడా సరైన జవాబు చెప్పలేదు.

మరొకరైతే అక్కడితో విసిగిపోయేవారు. కాటన్ లండనుకు దక్షిణాన డార్కింగ్ అనే చిన్న పట్నంలో ఉంటూ మరో పనికి దిగారు. ఇంటి దగ్గరి నేలను లోతుగా తవ్వించి, మట్టిని గుల్ల చేయించి గోధుమ పండించారు. లోతుగా తవ్వితే దిగుబడి పెరుగుతుందని చూపాలని ఆయన పట్టుదల. జనరల్ హోదా ఉన్న మనిషి ముసలితనంలో కంకులు లెక్కపెట్టుకోవడం మన రైతులు మెచ్చుకోదగ్గ సంగతే. అరబ్బీ నేర్చుకునేవారి కోసం ఒక వాచకం కూడా రాశారు.

ఆయన కూతురు ఎలిజబెత్ ఆ ఊళ్లోనే కూలి జనం తాగుడుకు పోకుండా కాఫీ గది తెరిచి, అక్కడే బైబిలు బోధించేవారు. ఆ పనికి తండ్రి అండగా నిలిచారు. తర్వాత ఆయన జీవిత చరిత్ర రాసింది కూడా ఆమే. అది 1900లో అచ్చయింది.

1899 జులై 24న, 96 ఏళ్ల వయసులో కాటన్ కన్నుమూశారు. డార్కింగ్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. ఇంగ్లండు వెళ్లిన తెలుగువారు కొందరు దాన్ని వెతుక్కుంటూ వెళ్లి పూలు పెట్టి వస్తుంటారు.