వెంకమ్మగారబ్బాయి

నెల తప్పిందని తెలియగానే డాక్టరమ్మ ముందుగా రాసిచ్చే మాత్రల్లో ఫోలిక్ యాసిడ్ ఒకటి. కడుపులో బిడ్డకు వెన్నుపాము సరిగా ఏర్పడటానికి, తల్లికి రక్తం పట్టడానికి అది కావాలి. ఆ మాత్ర వెనుకా, పసిపిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు వాడే మందు వెనుకా ఉన్నది ఒకే మనిషి. ఆయనే మన భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన్ని ఆయన్నిగా నిలబెట్టిన ఇద్దరు ఆడవాళ్ల సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే!

మొదటావిడ తల్లి వెంకమ్మగారు. ఇంట్లో చూస్తే ఇబ్బందులు. పదమూడేళ్ల సుబ్బారావుకేమో చదువు మీద ధ్యాస లేదు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లమ్మి డబ్బు గడిద్దామని ఇల్లు వదిలాడు. ఆవిడ వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్ గట్టెక్కడానికి మూడుసార్లు పరీక్ష రాయాల్సొచ్చింది! తర్వాత రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకుంటానన్నాడు. తల్లి ససేమిరా అన్నారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. అక్కడ ఖద్దరు తొడుక్కున్నాడని సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ కాకుండా ఎల్ఎంఎస్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

రెండో ఆవిడ శేషగిరి. 1919లో పెళ్లయింది. ఆ రోజుల్లోనే ఇద్దరు సోదరుల్ని కొద్దిరోజుల తేడాలో స్ప్రూ వ్యాధి పొట్టనపెట్టుకుంది. తిన్నది ఒంటికి పట్టనివ్వని పేగుల జబ్బు అది. తనకూ వస్తే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో గండం గడిచింది. ఆ జబ్బు అంతు చూడాలన్న పట్టుదలతో 1922లో మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం తీసుకుని అమెరికా ఓడెక్కాడు. అప్పటికి శేషగిరి గర్భవతి. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహమైనా చూడలేదు.

బోస్టన్‌లో పగలు చదువు, రాత్రి ఆస్పత్రిలో రోగుల బెడ్‌పాన్‌లు తీసే పని. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీని వెలికితీశారు. అయినా అక్కడ పర్మనెంట్ ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి మారారు.

1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతకు ఈస్ట్‌లో విరుగుడు ఉందని కనిపెట్టారు. ఆ విరుగుడే ఫోలిక్ యాసిడ్. 1945లో సుబ్బారావు బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. సోదరుల్ని బలి తీసుకున్న స్ప్రూకి కూడా అదే మందయింది!

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి మందులిచ్చి చూస్తే జబ్బు ఇంకా ముదిరింది. అంటే క్యాన్సర్ కణాలు దాన్ని తినే పెరుగుతున్నాయన్నమాట. మరి దానికి అడ్డుపడితే? సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండి కణాన్ని మోసం చేసే అమినోప్టెరిన్‌ను తయారుచేసి ఇచ్చింది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గింది. అంతకుముందు ఆ జబ్బొస్తే తల్లిదండ్రులు ఆశ వదులుకోవాల్సిందే. రెండు నెలలు దాటగానే, ఆగస్టులో న్యూయార్క్‌లో గుండెపోటుతో సుబ్బారావు కన్నుమూశారు. అప్పటికి వయసు 53. శేషగిరి ఎదురుచూపులు అలాగే మిగిలిపోయాయి.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువే మెథోట్రెక్సేట్. గర్భాశయంలో మాయ నుంచి పుట్టే కోరియోకార్సినోమా క్యాన్సర్‌ను 1956లో అమెరికా డాక్టర్లు దీనితోనే నయంచేశారు. గడ్డగా పెరిగే క్యాన్సర్ మందులతోనే నయం కావడం అదే మొదలు. కీళ్లవాతానికీ ఇదే మందును తక్కువ మోతాదులో వారానికోసారి ఇస్తారు. గర్భిణులు మాత్రం దీని జోలికి పోకూడదు.

ఈ మందు పట్టుకునేది కణంలోని డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ప్రొటీన్‌ను. తాళంలో తప్పుడు చెవి ఇరుక్కున్నట్టు అందులో ఇరుక్కుంటుంది. దాంతో కణం విభజన ఆగిపోతుంది. ఈ సంగతి సుబ్బారావు పోయాకే తేలింది. ఇప్పుడు మనిషి జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి, అచ్చం మన ఒంట్లో ఉండే ఆ ప్రొటీన్‌నే ప్రయోగశాలలో తయారుచేసుకుంటున్నారు. ఈ జాతి కొత్త క్యాన్సర్ మందు పనిచేస్తుందో లేదో రోగి కన్నా ముందు దాని మీద పరీక్షిస్తున్నారు.

సుబ్బారావుకు నోబెల్ రాలేదు. 1995లో మన తపాలా శాఖ ఆయన పేర స్టాంపు వేసింది. కొడుకును కాశీ దారి పట్టనివ్వని తల్లికీ, భర్తను అమెరికా పంపి పాతికేళ్లు ఎదురుచూసిన ఇల్లాలికీ ఏ స్టాంపూ లేదు. ఈసారి ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకునేటప్పుడు ఆ ఇద్దర్నీ కూడా ఓసారి తలుచుకుందాం.