ఫ్యాక్స్‌కు పునాది వేసిన పేదింటి బిడ్డ

స్కాట్లాండ్ ఉత్తర కొసన వాటెన్ అనే పల్లెలో చిన్న కౌలు రైతు ఇంట పుట్టారు అలెగ్జాండర్ బెయిన్. పెద్ద చదువులు లేవు. విక్ పట్టణంలో గడియారాల పని నేర్చుకుని, తర్వాత లండన్ చేరారు.

1843లో ఆయన పేటెంట్ పొందిన యంత్రానికి గడియారపు లోలకమే ఆధారం. దానికి కట్టిన ముల్లు లోహపు అక్షరాల మీద వరుస వెంట వరుసగా కదులుతుంది. లోహం తగిలినచోట తీగలో కరెంటు పారుతుంది. అవతలి ఊళ్లో అదే వేగంతో ఊగే మరో లోలకం, రసాయనం పూసిన కాగితంపై ఆ చోటే మచ్చ పెడుతుంది. మచ్చలు కలిసి అక్షరాలవుతాయి.

టెలిగ్రాఫ్‌లా కోడ్ అక్కర్లేదు. సంతకమైనా, బొమ్మైనా, ఏ భాష రాతైనా ఉన్నదున్నట్టు చేరుతుంది. వేల అక్షరాలున్న జపాన్‌కు ఇది బాగా కలిసొచ్చింది. 1980లో అన్ని కంపెనీల యంత్రాలకు ఒకే ప్రమాణం వచ్చింది. మామూలు ఫోను లైనుపై సుమారు నిమిషంలో పేజీ చేరసాగింది. ఆఫీసులన్నీ ఫ్యాక్స్ బాట పట్టాయి.

బెయిన్ మాత్రం సంపాదన కోర్టు కేసుల్లో పోగొట్టుకుని, చివరికి ప్రభుత్వ పింఛనుతో బతికి, 1877లో కన్నుమూశారు.

ఇంట్లో తొలి డిగ్రీ అందుకున్న మాలాంటివాళ్లం ఆయన నుంచి నేర్చుకున్నవి రెండు. తెలివికి పుట్టుక అడ్డుకాదు. కానీ చేసిన శ్రమ మనదిగా నిలవాలంటే చట్టం, లెక్క కూడా తెలిసుండాలి.