బంతి వదిలి కలం పట్టిన చార్లీ బకన్

అది 1927 జనవరి 22. లండన్‌లోని హైబరీ మైదానంలో ఆర్సెనల్, షెఫీల్డ్ యునైటెడ్ జట్లు తలపడుతున్నాయి. ఇంగ్లండులో ఫుట్‌బాల్ పోటీని జరుగుతుండగానే రేడియోలో వినిపించడం అదే మొదలు. మైదానాన్ని గళ్లుగా విభజించి, అంకెలు వేసిన పటాన్ని బి.బి.సి. ముందుగానే తన పత్రికలో అచ్చు వేసింది. శ్రోతలు ఆ పటం ముందు పెట్టుకుని, బంతి ఏ గడిలో ఉన్నదో వింటూ ఆటను ఊహించుకున్నారు. ఆనాడు రేడియోలో వినవచ్చిన తొలి గోల్ చేసినవాడు ఆర్సెనల్ నాయకుడు చార్లీ బకన్. ఆట 1-1తో సమంగా ముగిసింది.

అప్పటికి ఆయన వయసు 35. ఆటగాడిగా ఇక మిగిలింది ఏడాదిన్నర లోపే. ఆ తరువాత బతుకుతెరువేమిటన్నది నాటి ఫుట్‌బాల్ ఆటగాళ్లందరినీ వేధించిన ప్రశ్న. ఎంతటి మేటి ఆటగాడికైనా వారానికి 8 పౌన్లకు మించి జీతం ఇవ్వరాదని అప్పట్లో నిబంధన. వేలాది జనం టిక్కెట్లు కొని చూసినా, ఆ డబ్బు ఆటగాడి జేబులోకి వచ్చేది కాదు. కాళ్లలో సత్తువ తగ్గగానే పేరు కూడా మరుగున పడేది. బకన్ ఈ ప్రశ్నకు కలంతో సమాధానం చెప్పాడు.

ఆయన 1891 సెప్టెంబరు 22న లండన్‌లోని ప్లమ్‌స్టెడ్‌లో జన్మించాడు. ఉపాధ్యాయుడు కావాలనుకున్న యువకుడు. నాడు వూలిచ్ ఆర్సెనల్‌గా పిలువబడే జట్టుకు 1909లో జీతం లేకుండా ఆడాడు. తన ఖర్చుల కింద 11 షిల్లింగులు అడిగితే మేనేజరు ఇవ్వలేదు. బకన్ ఆ జట్టుకు స్వస్తి చెప్పాడు. 1911లో సండర్లాండ్ జట్టు ఆయనను 1,200 పౌన్లకు తీసుకున్నది. 1913లో ఆ జట్టు లీగ్ విజేత అయింది. అదే ఏడాది కప్ ఫైనల్లో మాత్రం ఆస్టన్ విల్లా చేతిలో 1-0తో ఓడింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి, ఫ్రాన్సు రణరంగంలో పోరాడి మిలిటరీ మెడల్ పొందాడు. తిరిగి వచ్చాక ఆట సాగిస్తూనే సండర్లాండ్‌లో కొంతకాలం పాఠాలు చెప్పాడు. ఆటవస్తువుల దుకాణం కూడా నడిపాడు. లీగ్ పోటీలలో ఆ జట్టుకు ఆయన చేసిన గోల్స్ 209.

1925లో ఆర్సెనల్ మేనేజరు హెర్బర్ట్ చాప్‌మన్ ఆ దుకాణానికే వచ్చి ఆయనను తమ జట్టుకు ఆహ్వానించాడు. 2,000 పౌన్లు ముందుగా, మొదటి ఏడాది చేసే ప్రతి గోల్‌కూ మరో 100 పౌన్లు సండర్లాండ్‌కు ఇచ్చేట్లు ఒప్పందం కుదిరింది. బకన్ 21 గోల్స్ చేయడంతో మొత్తం 4,100 పౌన్లయింది. ఒకనాడు 11 షిల్లింగులు ఇవ్వనన్న జట్టే అంత సొమ్ము చెల్లించింది.

ఆ ఏడాదే ఆఫ్‌సైడ్ నిబంధన మారింది. న్యూకాజిల్ చేతిలో ఆర్సెనల్ 7-0తో చిత్తయింది. మధ్య ఆటగాడిని వెనక్కి జరిపి రక్షణకు వినియోగించాలని బకన్ పట్టుబట్టాడు. చాప్‌మన్ అంగీకరించాడు. తరువాతి ఆటలో ఆర్సెనల్ 4-0తో వెస్ట్ హామ్‌ను ఓడించింది. ఆటను లోపలి నుంచి చదవగలిగిన ఈ చూపే తరువాత ఆయన రాతకు పెట్టుబడి అయింది.

1927 కప్ ఫైనల్ కూడా రేడియోలో వినిపించారు. బకన్ నాయకత్వంలోని ఆర్సెనల్ ఆనాడు కార్డిఫ్ చేతిలో 1-0తో ఓడింది. రెండు ఫైనల్స్ ఆడినా కప్పు దక్కలేదు. 1928లో ఆట విరమించి, డైలీ న్యూస్ పత్రికలో ఫుట్‌బాల్, గోల్ఫ్ విలేకరిగా చేరాడు. 1930లో ఆ పత్రిక మరొక దానితో కలిసి న్యూస్ క్రానికల్ అయింది. పేరున్న ఆటగాడి పేరు వాడుకుని మరొకరు రాసిపెట్టే పద్ధతి ఉన్న రోజుల్లో, బకన్ విలేకరి వృత్తినే తన వృత్తిగా చేసుకున్నాడు. బి.బి.సి. రేడియోలోనూ ఆటల విశేషాలు వివరించాడు. తొలి గోల్‌తో రేడియోకెక్కిన మనిషి గొంతు ఇంటింటా పరిచయమైంది.

1947లో ఫుట్‌బాల్ రచయితల సంఘం నెలకొల్పిన వారిలో ఆయన ఒకడు. ఆ సంఘం 1948 నుంచి ఏటా ఉత్తమ ఆటగాడిని ఎన్నుకోసాగింది. మొదటి గౌరవం స్టాన్లీ మాథ్యూస్‌కు దక్కింది.

1951 సెప్టెంబరులో, 60 ఏళ్లు నిండబోతుండగా, బకన్ తన పేరుతోనే చార్లెస్ బకన్స్ ఫుట్‌బాల్ మంత్లీ అనే మాసపత్రిక ప్రారంభించాడు. తొలి సంచిక ముఖచిత్రం మాథ్యూస్‌దే. రంగులద్దిన ఆటగాళ్ల బొమ్మలను కుర్రవాళ్లు కత్తిరించి గోడలకు అంటించుకునేవారు. వారానికి కొద్ది పౌన్లు సంపాదించే ఆటగాడి ముఖం ఆ విధంగా దూరదూరపు ఊళ్లకు చేరింది. 1955లో ఆయన ఆత్మకథ వెలువడింది.

1960 జూన్ 25న, ఫ్రాన్సు దక్షిణ తీరంలో సెలవులు గడుపుతుండగా బకన్ కన్నుమూశాడు. మరుసటి ఏడాదే ఆటగాళ్ల జీతంపై ఉన్న పరిమితిని తొలగించారు. దాన్ని చూసే అదృష్టం ఆయనకు లేకపోయింది. ఆయన ప్రారంభించిన పత్రిక మాత్రం 1974 వరకు నడిచింది. మైదానంలో ఆయన గడిపినది సుమారు రెండు దశాబ్దాలైతే, కలం పట్టి బతికినది మూడు దశాబ్దాలకు పైమాటే.