డాక్టర్ కానూరి లక్ష్మణరావు: ఊరి తీగ, ఇంటి మీటరు

పోచంపల్లి పేరు చెప్పగానే మన విద్యార్థులకు రెండు విషయాలు స్ఫురిస్తాయి. ఒకటి 1951 ఏప్రిల్ 18న వినోబా భావే యెదుట వెదిరె రామచంద్రారెడ్డి గారు నూరెకరాల భూమిని దానమిచ్చిన ఘట్టం. రెండవది అక్కడి పద్మశాలీలు నేసే చిటికి చీర. మూడవ విషయమొకటున్నది, దానిని ఎవరూ అంతగా గమనింపరు. పాత నల్లగొండ జిల్లా దక్షిణపు అంచున కృష్ణానదిపై నాగార్జునసాగరమంతటి జలాశయం వెలసినా, దాని ఎడమ కాలువ నీరు ఉత్తరాన మూసీ పరీవాహకంలో ఉన్న పోచంపల్లి పొలాలకు ఎక్కదు. ఆ సీమ రైతు చెరువునూ, బావినీ, మూసీనీ నమ్ముకొని బ్రతికినవాడు. కృష్ణ నుండి ఆ వూరి దిక్కుకు నడచి వచ్చినది సాగునీరు కాదు, తీగల మీద విద్యుత్తు.

నీటిని పొలానికీ, విద్యుత్తును ఊరికీ చేర్చే లెక్కలలో జీవితమంతా గడిపిన ఇంజనీరు డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారు. కె.ఎల్. రావు అన్న పొట్టిపేరుతోనే తెలుగువారు వారిని ఎరుగుదురు. ఆనకట్టల శిల్పిగా వారి కీర్తి దేశమంతటా వ్యాపించినది. కాని కేంద్రంలో విద్యుచ్ఛాఖను దాదాపు పదేండ్లు నడిపినవారుగా వారిని తలచుకొనేవారు అరుదు. ఇంటింటి మీటరును గురించీ, నెలనెలా వచ్చే బిల్లును గురించీ నేడు ఇన్ని సందేహాలు చెలరేగుతున్న వేళ ఆ జీవితపు రెండవ పార్శ్వాన్ని పరిశీలించడం అవసరం.

1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో వారు జన్మించినారు. తండ్రి గ్రామ కరణం. తొమ్మిదేండ్ల ప్రాయంలోనే తండ్రిని పోగొట్టుకొన్నారు. బడిలో ఆడుకొంటుండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయినది. అటుపైని చదువంతా ఒంటికంటితోనే సాగినది. కరణాల ఇంట లెక్కలు ఉగ్గుపాలతో వస్తాయంటారు గాని, లక్ష్మణరావు గారి లెక్కలు అంత సులువుగా వచ్చినవి కావు. మదరాసు విశ్వవిద్యాలయం నుండి ఇంజనీరింగులో మాస్టరు పట్టం పొందిన తొలి విద్యార్థి వారే. 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వారికి డాక్టరేటు ఇచ్చినది. రంగూనులో ఆచార్యులుగాను, ఇంగ్లండులో సహాయాచార్యులుగాను పనిచేసినారు. ఇనుప కమ్ములు వేసి కట్టే కాంక్రీటు కట్టడాలపై ఆంగ్లంలో ప్రామాణిక గ్రంథం వ్రాసినారు.

స్వదేశానికి మరలివచ్చి మదరాసు ప్రభుత్వంలో డిజైన్ల ఇంజనీరుగా చేరి, గోదావరిపై పోలవరం పథకానికై శ్రమించినారు. 1950లో ఢిల్లీకి తరలినారు. అక్కడ కేంద్ర జల విద్యుత్ సంఘంలో డిజైన్ల డైరెక్టరు పదవి, 1954లో ప్రధాన ఇంజనీరు పదవి లభించినవి. నీరూ విద్యుత్తూ ఒకే కార్యాలయపు కప్పు క్రింద ఉండిన కాలమది. ఆ రెంటినీ వేరువేరుగా ఆలోచించడం లక్ష్మణరావు గారు ఎన్నడూ నేర్వలేదు.

నాగార్జునసాగరానికి 1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసినారు. దాని రూపకల్పనలో లక్ష్మణరావు గారి హస్తమున్నది. యంత్రాలతో కాంక్రీటు పోసే పద్ధతిని కాదని రాతితోనే ఆ ఆనకట్టను కట్టినారు. వేలాది కూలీల చేతులకు పని దొరికినది. విదేశీ యంత్రాల ఖర్చు తగ్గినది. 124 మీటర్ల ఎత్తున లేచిన ఆ రాతి గోడ అటువంటి కట్టడాలలో ప్రపంచ ప్రసిద్ధి పొందినది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలినారు. విద్యుత్తు మాత్రం ఆలస్యంగా, 1978లో మొదలైనది.

ఉద్యోగ విరమణ వయసులో ఆయన ఎన్నికల బరిలో దిగడం కొందరికి వింతగా తోచినది. 1962లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికైనారు. 1967లోను, 1971లోను మళ్లీ గెలిచినారు. సభలలో క్యూసెక్కుల లెక్కలు చెప్పే ఈ మనిషికి క్యూసెక్కుల అభ్యర్థి అన్న పేరు నిలిచినది. ఎగతాళికి వాడదగిన ఆ మాటనే వారు తమ ఆత్మకథకు శీర్షికగా పెట్టుకొన్నారు. 1963లో పద్మభూషణ్ పురస్కారం అందుకొన్నారు. ఆ యేడే జూలై 20న నెహ్రూ వారిని నీటిపారుదల, విద్యుత్తు శాఖల సహాయమంత్రిగా తీసుకొన్నారు. నాలుగు రోజులకే, జూలై 24న, శ్రీశైలం జలవిద్యుత్ పథకానికి నెహ్రూ శంకుస్థాపన చేసినారు.

ఆనాటి విద్యుత్తు సమస్యను అర్థం చేసుకొనడానికి విద్యార్థులు చిన్న లెక్క ఒకటి వేసి చూడవచ్చును. వేయి వాట్ల శక్తిని ఒక గంట వాడితే ఒక యూనిట్టు. ఒక పల్లెలో ఇరవై ఇండ్లున్నవనుకొందాం. ఇంటికొక 40 వాట్ల దీపం, రాత్రికి నాలుగు గంటలు వెలుగుతుంది. నెలకు ఒక్కొక్క ఇంటి ఖర్చు అయిదు యూనిట్లకు లోపు. ఇరవై ఇండ్లూ కలిసినా నూరు యూనిట్లు కావు. ఆ నూరు యూనిట్లు అమ్ముకొనడానికి విద్యుత్ బోర్డు మైళ్ల పొడవున స్తంభాలు పాతవలె, తీగ లాగవలె, ట్రాన్స్‌ఫార్మరు నిలుపవలె. నెలనెలా మీటరు చదివేందుకు మనిషిని పంపవలె. 1948 చట్టాన్ని అనుసరించి రాష్ట్రాలలో ఏర్పడిన బోర్డులు, వాటిలో 1959 ఏప్రిల్ 1న వెలసిన ఆంధ్రప్రదేశ్ బోర్డు, తమ కాళ్లపై తాము నిలువవలెనని ప్రభుత్వమే కోరుచుండెను. ఇట్టి బోర్డు పట్టణపు మిల్లును వదలి పల్లెకు ఎందుకు పోవును? వ్యాపారి తర్కంలో తప్పు లేదు. కాని ఆ తర్కాన్నే పట్టుకొని కూర్చుంటే పల్లె ఎన్నటికీ చీకటిలోనే ఉండును.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. 1930 తరువాతి సంవత్సరాలలో అమెరికాలో సైతం పదింట ఒక్క రైతు ఇంటికి మాత్రమే కరెంటు ఉండేది. కంపెనీలు రానన్నవి. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ప్రత్యేక సంస్థను నెలకొల్పి, రైతుల సహకార సంఘాలకే అప్పులిచ్చి తీగలు వేయించినది. మన దేశంలో లక్ష్మణరావు గారి హయాములో, 1969 జూలై 25న, గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడినది. దీర్ఘకాలపు అప్పు ఇచ్చి బోర్డులను పల్లెలకు నడిపించడం దాని పని. అమెరికా నమూనాలో అయిదు సహకార సంఘాలను కూడ ప్రయోగంగా ఆరంభించినారు. వానిలో ఒకటి మన సిరిసిల్ల. అక్కడ కరెంటు కొనేవాడే సంఘంలో సభ్యుడు. బిల్లు కట్టేవాడే బిల్లు వేసే సంఘాన్ని ఎన్నుకొనేవాడు. 1970లో పని మొదలుపెట్టిన ఆ సంఘం నేటికీ నడుస్తున్నది. మగ్గాల సిరిసిల్లకు దక్కిన ఈ భాగ్యం మగ్గాల పోచంపల్లికి దక్కలేదు.

అంతకుముందే, 1964లో, రాష్ట్రాల విద్యుత్తును ఒకదానితో ఒకటి ముడివేయడానికి ప్రాంతీయ విద్యుత్ మండలులు ఏర్పడినవి. ఒకచోట మిగిలినది మరొకచోటి కొరతను తీర్చవలెనన్నది వాటి సూత్రం. నదుల విషయంలో లక్ష్మణరావు గారు చెప్పినదీ ఇదే. ఆ సూత్రం నేడు ఇంటి కప్పు దాకా వచ్చినది. సోలార్ పలకలు పెట్టుకొన్న ఇంట పగటిపూట మిగిలిన కరెంటు వీధి తీగలోకి పోవును. రాత్రి తీగ నుండి ఇంటికి వచ్చును. నెట్ మీటరు పోకనూ రాకనూ రెంటినీ లెక్కించును. ఒక కిలోవాటు పలకలు ఎండ బాగున్న దినాన సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఆరంభించిన పథకం మూడు కిలోవాట్ల పలకలకు 78 వేల రూపాయల సహాయం ప్రకటించినది. అయినను బిల్లు సున్నా కాలేదేమని అడిగేవారున్నారు. తీగ వీధిలో ఉన్నంతకాలం దాని పోషణకు స్థిరఛార్జీ ఉండును. రాత్రి వాడకం పగటి మిగులును మించితే ఆ తేడాకు ధర ఉండును. మిగులును వీధికి పంపి తిరిగి పుచ్చుకొనే ఇల్లు కూడ ఒక చిన్న విద్యుత్ కేంద్రమే. దాని పద్దు ఒకవైపే చూస్తే తెలియదు.

1965 నుండి రెండేండ్లు వరుసగా వానలు కురియలేదు. దేశం తిండిగింజలకు అంగలార్చినది. అంతవరకు పల్లెకు దీపమివ్వడమే విద్యుదీకరణ. అటుపైని బావికి మోటారు ఇవ్వడం ముఖ్యమైనది. 1961లో సుమారు 2 లక్షలుండిన కరెంటు పంపుసెట్లు 1974 నాటికి 24 లక్షలు దాటినవి. తీగ అందిన గ్రామాలు సుమారు 22 వేల నుండి లక్షా 57 వేల వరకు పెరిగినవి. పదమూడేండ్లలో ఇంతటి వృద్ధి సామాన్యం కాదు. మెరకసీమ రైతుకు అది ప్రాణాధారమైనది.

అయితే ఈ అంకెల మాటున ఒక లోపమున్నది. దానిని చెప్పకపోవడం చరిత్రకు ద్రోహం. గ్రామపు పొలిమేరలో ఎక్కడ, ఏ పనికి కరెంటు వాడినా, ఆ గ్రామానికి కరెంటు వచ్చినట్లే లెక్క. ఊరి బయట ఒక బావిపై ఒక మోటారు తిరిగితే చాలును. ఊరిలో ఒక్క ఇంటనైనా దీపం వెలుగనక్కరలేదు. ఈ నిర్వచనం 1997 వరకు మారలేదు. 2004లో గాని పదింట ఒక ఇంటికైనా కరెంటు ఉండవలెనన్న నియమం రాలేదు. నీటిని క్యూసెక్కులలో కొలిచిన మంత్రి, విద్యుత్తును ఇండ్లలో కొలిపించలేకపోయినారు. కరవు తరిమిన కాలమది, నిజమే. అయినను ఊరిని లెక్కపెట్టి ఇంటిని లెక్కపెట్టకపోవడం వలన ఎవరికి నష్టం కలిగినదో మగ్గమున్న ఇంట చూడవలెను.

చిటికి నేతలో నూలును ముందే కొలిచి, కట్లు కట్టి, రంగులద్ది, ఆపైని మగ్గమెక్కించవలె. పోగు ఒక వెంట్రుక పక్కకు జరిగినా చీరపై పువ్వు చెదరును. దానికి కావలసినది నిలకడైన వెలుగు. నూనె దీపపు మసి తెల్లని పట్టుకు శత్రువు. ఆసు పోయడమన్నది ఇంటి ఆడవారి పని. ఒక్క చీరకు వేలసార్లు చేయి అటూ ఇటూ కదలవలె, గంటల తరబడి భుజం నొప్పి పుట్టవలె. 1999లో ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు ఆ పనికి కరెంటు మీద నడిచే యంత్రం తయారుచేసినారు. తల్లి పడిన కష్టమే ఆయన చేత అది చేయించినది. ఇట్టి ఇంటికి కరెంటు సుఖం కాదు, పనిముట్టు.

పనిముట్టు అన్న తరువాత దాని ఖరీదు సరిగా తెలియవలెను. కనుకనే మీటరు మీద అన్ని ప్రశ్నలు. 1910 నాటి విద్యుచ్చట్టమే మీటరు సరియైనది కావలెననీ, వివాదం వస్తే విద్యుత్ ఇన్‌స్పెక్టరు తీర్పు చెప్పవలెననీ విధించినది. పాత మీటరులో అల్యూమినియం పళ్లెం తిరిగేది. ఇంటిలోని దీపాలన్నీ ఆర్పి చూస్తే అది ఆగవలె. ఆగకపోతే ఏదో లీకున్నదని ఇల్లాలికి సైతం తెలిసేది. స్మార్ట్ మీటరులో పళ్లెం లేదు. చిన్న దీపం మినుకుమినుకుమనును. అంకెలు తమంతట తామే కార్యాలయానికి పోవును. లెక్కించే యూనిట్టు మారలేదు గాని, కంటికి కనిపించే సాక్ష్యం పోయినది. జనం అనుమానాన్ని అజ్ఞానమని కొట్టివేయడం న్యాయం కాదు. 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నియమాలు దీనికొక మార్గం చూపినవి. వాడకానికీ మీటరు అంకెకూ పొంతన లేదని ఫిర్యాదు చేస్తే అయిదు రోజులలో రెండవ మీటరు పెట్టి, మూడు నెలలకు తక్కువ కాకుండా రెంటినీ పోల్చి చూడవలెను.

లెక్క ఎవరినీ విడువదు. లక్ష్మణరావు గారి జీవితంలోని మహాస్వప్నాన్ని కూలద్రోసినదీ విద్యుత్తు లెక్కయే. పాట్నా వద్ద గంగ వరద నీటిని ఎత్తి, 2,640 కిలోమీటర్ల దూరం నడిపి కావేరికి కలుపవలెనని 1972లో వారు ప్రతిపాదించినారు. దేశమంతా ఆశ్చర్యంతో విన్నది. కాని దారిలో నీటిని సుమారు 550 మీటర్లు పైకి తోడవలెను. వేయి లీటర్లను అంత ఎత్తుకు చేర్చడానికి, ఏ నష్టమూ లేదనుకొన్నా, ఒకటిన్నర యూనిట్లు కావలె. నిపుణులు పరిశీలించి అయిదు నుండి ఏడు వేల మెగావాట్ల విద్యుత్తు అవసరమని తేల్చినారు. ఆ రోజులలో దేశమంతటి విద్యుత్ కేంద్రాల శక్తి పదహారు వేల మెగావాట్ల చిల్లర. మూడవ వంతు విద్యుత్తును ఒక్క కాలువకు ధారపోయడం ఎట్లు? పథకం కాగితాలలోనే నిలిచిపోయినది. నీటి లెక్క తెలిసినవాడు విద్యుత్తు ఖర్చును తక్కువగా అంచనా వేసినాడని విమర్శకులన్నారు. అది పూర్తిగా తోసివేయదగిన మాట కాదు. నదుల అనుసంధానమన్న ఆలోచన మాత్రం వారితో పోలేదు. తరువాతి పథకాలు తక్కువ ఎత్తుకు తోడే దారులను వెదకినవి.

1973లో మంత్రి పదవిని వదలినారు. దేశపు జలసంపదపై గ్రంథం వ్రాసినారు, ఆత్మకథ వ్రాసినారు. 1986 మే 18న కన్నుమూసినారు.

కృష్ణపై సాగరానికి దిగువన పులిచింతల వద్ద కట్టిన ప్రాజెక్టుకు వారి పేరు పెట్టినారు. డెల్టా పొలాలకు నీటిని నిలువజేయడానికి ఉద్దేశించిన జలాశయమది. దాని విద్యుత్ కేంద్రం ఎడమ గట్టున, పూర్వపు నల్లగొండ జిల్లాలో నుండి యేర్పడిన సూర్యాపేట జిల్లాలో ఉన్నది. నాలుగు యంత్రాలు, ఒక్కొక్కటి 30 మెగావాట్లు. ఆ నీరు కృష్ణా డెల్టాకు, వారు పుట్టిన సీమకు, పోవును. ఆ కరెంటు తెలంగాణపు గ్రిడ్డులోకి వచ్చును.