సొంటి కామేశం గారు

తంతి స్తంభమునకు శత్రువులు రెండు: నేల చెమ్మలో పెరుగు శిలీంధ్రము, చెదపురుగు. పైన్ వంటి మెత్తని కలపతో చేసిన స్తంభమునకు మందు పట్టింపనిచో అది కొలది యేండ్లలోనే నేలమట్టమున పుచ్చి కూలును. ఈ శత్రువుల నణచు మార్గమును లోకమునకు చూపిన సొంటి కామేశం గారిని గూర్చి మేమిచట ముచ్చటింపదలచితిమి.

కామేశం గారు తెలుగునాటికి బహుదూరమున, హిమాలయ పాదమందలి డెహ్రాడూన్ అటవీ పరిశోధనాలయములో కలప సంరక్షణకై కృషి చేసిరి. ఆనాడు ప్రధానముగా రెండు తీరుల మందులుండెను. బొగ్గుతారు నుండి తీయు క్రియోసోటు గట్టిదే గాని, నల్లని జిడ్డుతో ఘాటువాసన గొట్టుచుండెను. నీట కరుగు లవణములు శుభ్రమైనవే గాని, వానలకు కొట్టుకొనిపోవుచుండెను. నీటితో లోనికేగిన మందు నీటితోనే వెలికి రాకుండుటెట్లు? కామేశం గారి ముందు నిలిచిన సమస్య యిదియే.

1933లో వారు దీనిని సాధించిరి. రాగి గల మైలుతుత్తమును, పాషాణ సమ్మేళనమును, డైక్రోమేటును నీట కలిపిరి. రాగి శిలీంధ్రమును చంపును. పాషాణము చెదను, రాగికి లొంగని శిలీంధ్రములను అణచును. డైక్రోమేటులోని క్రోమియము కలపలో రసాయనిక చర్య నొంది, ఆ రెంటిని నీట కరుగని రూపమున బంధించును. బంధించు నీ మూడవ ద్రవ్యమే వారి ప్రతిభకు నిదర్శనము. ఈ మందునకు ‘ఆస్కు’ అని పేరు. కలపను ఇనుప పాత్రలో నుంచి, గాలిని తీసివేసి, మందును పీడనముతో లోనికెక్కింతురు. కలప లేత ఆకుపచ్చ వన్నె దాల్చును.

1938లో వారికి అమెరికా పేటెంటు లభించెను. అమెరికా, న్యూజిలాండు మున్నగు దేశములలో లెక్కకు మిక్కిలి పైన్ స్తంభములు ఈ మందుతో దశాబ్దముల తరబడి నిలిచెను.

అయినను పాషాణము విషమే గదా! అందుచే 2003 సంవత్సరాంతమున అమెరికా తయారీదారులు ఇండ్లకు, ఆటస్థలములకు వాడు కలపలో దీనిని మానుకొనిరి. స్తంభములకు మాత్రము వాడుక సాగినది. ఇట్టి కలపను పొయ్యిలో కాల్చరాదు. దాని పొగయు, బూడిదయు విషమయములు. మేలైన మందునకును హద్దు గలదని తెలియుట శాస్త్రజ్ఞానములో నొక భాగమే.

విద్యార్థులారా! పరభాషల నడుమ తెలుగు చదువుకొను మనకు కామేశం గారి జీవితము ఆత్మీయముగా తోచును. వారు పుట్టినభాషకు దూరమున నుండి సకల భాషలవారికి పనికివచ్చు పని చేసిరి. ఏ స్తంభముపైనను వారి పేరు లేదు. కనుక ఆ పేరు మన నోట నిలువవలెను.